పాత రీలు కెమెరా షట్టర్ మొరాయిస్తోందా? ముందు ఆ నూనె డబ్బా పక్కన పెట్టండి

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత కెమెరా పట్టుకుని బేరం ఆడిన ఎవరికైనా ఈ డైలాగు తెలిసే ఉంటుంది, "షట్టర్ పడుతుంది సార్, చూడండి" అని అమ్మేవాడు లీవర్ లాగి టక్కున నొక్కి వినిపిస్తాడు, మనం కూడా ఆహా అనుకుని డబ్బులిచ్చేసి ఇంటికొస్తాం. రీలు వేసి ముప్పై ఆరు ఫోటోలు తీసి కడిగించాక తెలుస్తుంది అసలు సంగతి, సగం ఫోటోలకి ఓ పక్క నల్లగా ఉంటుంది, మిగతా సగం మరీ తెల్లగా మాడిపోయి ఉంటాయి. టక్ అని చప్పుడు రావడం వేరు షట్టర్ సరిగ్గా పనిచెయ్యడం వేరు, ఈ రెండింటికీ మధ్య తేడా తెలుసుకోడానికి నాకు నాలుగు కెమెరాలూ బోలెడు రీళ్ళూ ఖర్చయ్యాయి.

ఇక్కడ నేను ఎక్కువగా పెంటాక్స్ కె1000 ని దగ్గర పెట్టుకుని చెప్తాను, ఎందుకంటే 1976 నుంచి 1997 దాకా తయారైన కెమెరా కాబట్టి ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతుంది, పైగా షట్టర్ మొత్తం మెకానికల్, దానికి కరెంటు గొడవ లేదు. అడ్డంగా పరిగెత్తే గుడ్డ కర్టెన్ షట్టర్ ఉన్న ఇతర కెమెరాలకి కూడా ఇందులో చాలా మటుకు పనికొస్తుంది. స్టూడియోల్లో వాడిన యాషికా మ్యాట్ లాంటి వాటిల్లో షట్టర్ వేరే రకం, దాని గురించి చివర్లో చెప్తా.

ముందు అసలు షట్టర్‌దే తప్పా కాదా అన్నది తేల్చుకోవాలి. నవ్వకండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. లీవర్ సగంలో ఆగిపోయింది, నొక్కితే పడట్లేదు అంటే మొదట చూడాల్సింది రీలు అయిపోయిందా అని, చివరి ఫ్రేము దగ్గర ఫిలిం ఇంక రాదు కాబట్టి లీవర్ పూర్తిగా తిరగదు, పూర్తిగా తిరగకపోతే షట్టర్ ఛార్జ్ అవ్వదు, ఛార్జ్ అవ్వకపోతే బటన్ పనిచెయ్యదు. దీన్ని షట్టర్ జామ్ అనుకుని బలంగా లాగి ఫిలిం చింపేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. కింద ఉండే చిన్న రివైండ్ బటన్ నొక్కి రీలు వెనక్కి చుట్టేస్తే అంతా మామూలైపోతుంది.

ఇంకోటి బ్యాటరీ. కె1000 లో బ్యాటరీ వెలుతురు కొలిచే మీటర్‌కి మాత్రమే, అది లేకపోయినా షట్టర్ అన్ని స్పీడుల్లోనూ పడాలి. కానీ కానన్ ఏఈ-1 లాంటిది అయితే బ్యాటరీ లేకుండా అస్సలు పడదు, 6 వోల్టుల బ్యాటరీ కొత్తది వేసి చూసేదాకా దాన్ని చెడిపోయిందని అనకూడదు. నికాన్ ఎఫ్ఈ లో బ్యాటరీ పోయినా ఎం90 అన్న గుర్తు మీద పెడితే సెకనులో తొంభయ్యో వంతు మెకానికల్‌గా పడుతుంది, కాబట్టి ఎం90 లో పడి మిగతావాటిలో పడట్లేదంటే ముందు చూడాల్సింది బ్యాటరీనే. బ్యాటరీ గదిలో పచ్చగా చిలుము పట్టి ఉంటే వెనిగర్‌లో ముంచి పిండేసిన ఇయర్ బడ్‌తో తుడిచి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి.

ఫ్లాష్ వేసి తీసిన ఫోటోల్లో మాత్రమే సగం నల్లగా వస్తుంటే అది అసలు రిపేరే కాదు. కె1000 లో ఫ్లాష్‌కి షట్టర్ స్పీడు 1/60 (సెకనులో అరవయ్యో వంతు) దాకానే, ఆ పైన పెడితే షట్టర్ ఫ్రేము మొత్తం ఒకేసారి తెరుచుకోదు, ఫ్లాష్ వెలిగే ఆ క్షణంలో ఎంత తెరిచి ఉందో అంతే పడుతుంది. మా కజిన్ ఒకడు పెళ్ళి రిసెప్షన్ మొత్తం 1/250 లో పెట్టి తీసి కెమెరా పోయిందని నాకు తెచ్చిచ్చాడు. కెమెరా భేషుగ్గా ఉంది.

రష్యన్ జోర్కి-4 లాంటివి చేతికొస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, రీలు ముందుకి తిప్పి షట్టర్ ఛార్జ్ చేశాకే స్పీడు మార్చాలి, ఛార్జ్ చెయ్యకుండా డయల్ తిప్పితే లోపల పిన్ను దెబ్బతింటుంది. కొత్తగా కొన్నవాళ్ళు చేసే మొదటి పనే అది, ఇంటికి తేగానే డయల్ గిరగిరా తిప్పి చూస్తారు.

సరే ఇవన్నీ కాదు, నిజంగానే షట్టర్‌లో ఏదో ఉంది అనుకుందాం. అది ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషం చూస్తే తర్వాత వచ్చే ప్రతి లక్షణం మీకే అర్థమవుతుంది. ఫిలిం ముందర రెండు నల్ల పరదాలు ఉంటాయి, రబ్బరు పూసిన పల్చటి గుడ్డ. బటన్ నొక్కగానే మొదటి పరదా పక్కకి పరిగెత్తి ఫిలింని తెరుస్తుంది, కాసేపాగి రెండోది దాని వెనకే పరిగెత్తి మూసేస్తుంది, ఆ "కాసేపు" ఎంత అన్నదే స్పీడు. 1/60 దాకా మొదటిది చివరిదాకా వెళ్ళాకే రెండోది బయల్దేరుతుంది. ఆ పైన మొదటిది ఇంకా దారిలో ఉండగానే రెండోది బయల్దేరిపోతుంది, 1/1000 కి వచ్చేసరికి రెండింటి మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు మాత్రమే ఉంటుంది, ఆ సందు ఫిలిం మీదుగా జరుగుతూ పోతుంది. ఇక 1/30 నుంచి 1 సెకను దాకా ఆ ఆలస్యం చెయ్యడానికి గడియారంలో ఉన్నట్టే చిన్న పళ్ళ చక్రాల పెట్టె ఒకటి ఉంటుంది, స్లో స్పీడులో వినిపించే జ్‌ర్‌ర్ అన్న చప్పుడు దానిదే.

అంటే స్లో స్పీడులు పాడవ్వడానికి కారణం వేరు, ఫాస్ట్ స్పీడులు పాడవ్వడానికి కారణం వేరు. స్లోలో ఇరుక్కుంటే చక్రాల పెట్టెలో గ్రీజు గట్టిపడింది. ఫాస్ట్‌లో ఒక పక్క నల్లగా వస్తే పరదాల పరుగులో తేడా ఉంది. ఇది తేల్చుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడమంటే కడుపునొప్పికి కళ్ళజోడు మార్చుకోవడమే.

చూసే పద్ధతి చెప్తా. రీలు లేకుండా వెనక తలుపు తెరవండి, లెన్స్ తీసెయ్యండి, కెమెరాని పగటి ఆకాశం వైపు పెట్టి వెనక నుంచి చూడండి, సూర్యుడి వైపు మాత్రం వద్దు. మొదట స్పీడు డయల్‌ని బి గుర్తు మీద పెట్టి బటన్ నొక్కి పట్టుకోండి, లెన్స్ వెనకున్న అద్దం పైకి లేచి పరదా తెరుచుకుని అలాగే ఉండాలి, వదలగానే మూసుకోవాలి. బి సరిగ్గా పడితే సగం ఊపిరి పీల్చుకోవచ్చు, పరదాలూ రిలీజూ బాగానే ఉన్నాయని అర్థం. తర్వాత 1 సెకను, 1/2, 1/4 ఇలా ఒక్కోటీ వినండి, ప్రతి మెట్టుకీ జ్‌ర్‌ర్ చప్పుడు సగానికి తగ్గుతూ రావాలి, మధ్యలో ఎక్కడా గొంతులో అడ్డం పడ్డట్టు ఆగకూడదు. తర్వాత 1/125 నుంచి 1/1000 దాకా ఒక్కోదానికి పది సార్లు నొక్కుతూ ఆ దీర్ఘచతురస్రం మొత్తం తళుక్కుమంటోందా లేక ఓ పక్క చీకటిగా ఉండిపోతోందా చూడండి. ఒకటి రెండు సార్లు నొక్కి ఆపేస్తే దొరకదు, పొద్దున్నే మొదటిసారి నొక్కినప్పుడు మాత్రమే ఇరుక్కునే కెమెరాలు ఉంటాయి, నాలుగు సార్లు పడ్డాక వాటి ఒళ్ళు వేడెక్కి బుద్ధిగా పడతాయి. అందుకే అమ్మేవాడు మీ ముందు నొక్కి చూపించే ముందే ఓ ఇరవై సార్లు నొక్కేసి ఉంటాడు.

లెక్కగా కావాలంటే ఫోన్ చాలు. స్లో మోషన్ 240 ఫ్రేముల్లో పెట్టి తెరిచిన వెనక వైపు నుంచి వీడియో తియ్యండి, తర్వాత ఒక్కో ఫ్రేము జరుపుతూ ఎన్ని ఫ్రేముల్లో మధ్యభాగం వెలిగిందో లెక్కపెట్టండి. 1 సెకనుకి 240 రావాలి, 1/2 కి 120, 1/4 కి 60, 1/8 కి 30, 1/15 కి 16, 1/30 కి 8, 1/60 కి 4. ఒకటి అరా అటూ ఇటూ పరవాలేదు. ఎదురుగా ఎల్ఈడీ బల్బు పెట్టకండి, మన ఇళ్ళ కరెంటుకి చాలా బల్బులు సెకనుకి వంద సార్లు మినుకుమంటాయి, లెక్క అంతా తప్పుతుంది, కిటికీ వెలుతురు మంచిది. ఇంకో మాట, కొన్ని ఫోన్లు లేని ఫ్రేముల్ని పుట్టించి 960 అని రాసుకుంటాయి, వాటిని నమ్మకండి.

1/60 పైన ఫోన్‌తో పని అవ్వదు. అక్కడ పనికొచ్చేది అటక మీద పడేసిన పాత డబ్బా టీవీ, నిజంగా. పిక్చర్ ట్యూబ్ టీవీ తెర మీద గీతలు పైనుంచి కిందకి ఒక్కోటిగా గీస్తూ వస్తుంది, మన టీవీల పాల్ (PAL) పద్ధతిలో ఒక్కో గీతకి 64 మైక్రోసెకన్లు. గది చీకటి చేసి, టీవీ ఆన్ చేసి, వెనక తలుపు తీసిన కెమెరాలోంచి దాన్ని చూస్తూ నొక్కితే అడ్డంగా పరిగెత్తే షట్టర్‌కి తెల్లటి పట్టీ ఒకటి ఏటవాలుగా కనిపిస్తుంది. 1/1000 లో ఆ పట్టీ ఎక్కడ చూసినా నిలువుగా పదిహేను పదహారు గీతల మందం ఉండాలి, 1/500 లో అంతకి రెట్టింపు. గీతలు లెక్కపెట్టడం కంటితో అయ్యే పని కాదు గానీ, పట్టీ మొదట్లో లావుగా ఉండి చివరికి సూదిలా సన్నబడిపోతోందా అన్నది మాత్రం చక్కగా కనిపిస్తుంది. అలా సన్నబడుతోందంటే రెండో పరదా మొదటిదాన్ని తరుముకుంటూ వెళ్ళి పట్టేసుకుంటోందని అర్థం, ఫోటోలో ఓ పక్క నల్లబడేది అందుకే. టీవీ అమ్మేద్దాం అని ఇంట్లో అన్న ప్రతిసారీ నేను అడ్డుపడేది దీనికోసమే, ఇంట్లోవాళ్ళకి కారణం చెప్తే నవ్వుతారని చెప్పను.

ఎంత తేడా అయితే కంగారుపడాలి? 1/1000 అని రాసినచోట 1/700 పడితే అర స్టాప్ తేడా (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపో సగమో అవ్వడం), నెగెటివ్ రీలు దాన్ని పట్టించుకోదు. స్లైడ్ రీలు అయితే పట్టించుకుంటుంది. నలభై ఏళ్ళు దాటిన కెమెరాకి 1/1000 కరెక్టుగా ఉండాలని పట్టుబడితే అది మన తప్పే. అన్ని స్పీడులూ ఒకే లెక్కన నెమ్మదిస్తే మీటర్ మీద ఐఎస్ఓ (రీలు వెలుతురుని ఎంత చురుగ్గా పట్టుకుంటుందో చెప్పే అంకె) కొంచెం మార్చుకుని వాడుకోవచ్చు కూడా.

ఇక మందు. మొదటి మందుకి పైసా ఖర్చులేదు, నొక్కడమే. ఏళ్ళ తరబడి కదలకుండా పడున్న చక్రాల్లో గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటుంది, 1 సెకను నుంచి 1/15 దాకా ఒక్కోదాన్లో యాభై అరవై సార్లు నొక్కుతూ పోండి, సాయంత్రం ఏదైనా చూస్తూ కూర్చుని చెయ్యొచ్చు. గది వెచ్చగా ఉంటే ఇంకా మంచిది, మన ఎండాకాలం మధ్యాహ్నం కన్నా వెచ్చదనం ఏం కావాలి, అయితే ఎండలో మాత్రం పెట్టకండి. నా దగ్గరకొచ్చిన స్లో స్పీడు కేసుల్లో మూడొంతులు ఇలాగే లేచి కూర్చున్నాయి. రెండు రోజులాగి మళ్ళీ చూడండి, మళ్ళీ ఇరుక్కుంటే అప్పుడు శుభ్రం చెయ్యాల్సిందే.

రెండోది అద్దం దగ్గర స్పాంజి. బటన్ నొక్కాక అద్దం పైకెళ్ళి అక్కడే ఉండిపోతే చాలామంది అద్దం రిపేరు అనుకుంటారు. లెన్స్ తీసి లోపల పైన చూడండి, అద్దం తగిలే చోట నల్ల స్పాంజి పట్టీ ఉంటుంది, పాతబడి అది తారులా కరిగిపోతుంది, అద్దం వెళ్ళి దానికి అతుక్కుంటుంది. అగ్గిపుల్ల చివరతో గీకి, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పల్చటి స్పాంజి అతికించాలి. అద్దం మొహం మీద వేలు పెట్టకండి, దాని వెండిపూత బయటే ఉంటుంది, కళ్ళజోడు అద్దం తుడిచినట్టు చొక్కా కొంగుతో తుడిస్తే గీతలు పడిపోతాయి. గీకేటప్పుడు కెమెరాని నోరు కిందకి ఉండేలా పట్టుకోండి, ఆ ముక్కలు షట్టర్ మీద పడితే కొత్త రోగం మొదలు.

స్పాంజి బాగానే ఉండి కూడా అద్దం పైనే ఉండిపోతుంటే అప్పుడు అనుమానించాల్సింది రెండో పరదాని. ఈ కెమెరాల్లో అద్దాన్ని కిందకి దింపే సైగ ఇచ్చేది పరుగు పూర్తి చేసిన రెండో పరదానే, అది చివరి మిల్లీమీటర్ దగ్గర బద్ధకించి ఆగిందంటే అద్దానికి కబురు అందదు. వెనక తలుపు తీసి చూస్తే పరదా అంచు ఒక పక్కన కొద్దిగా బయటకి కనిపిస్తూ ఉంటుంది. చేత్తో నెట్టాలనిపిస్తుంది, నెట్టకండి.

ఇప్పుడు కింద ప్లేటు విప్పే సంగతి. జపాన్ కెమెరాల స్క్రూలు చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ వాటి కొలత వేరు, జేఐఎస్ అంటారు, హార్డ్‌వేర్ షాపు స్టార్ డ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. సరైన డ్రైవర్ తెప్పించుకుని మొదలుపెట్టండి, రెండు మూడు రోజులు ఆలస్యమైనా కొంప మునగదు. విప్పే ప్రతి మెట్టుకీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి, స్క్రూలు విప్పిన వరసలోనే కోడిగుడ్ల అట్టలో ఒక్కో గుంటలో ఒక్కోటి వెయ్యండి, పొడవులు వేరువేరుగా ఉంటాయి. కింద తెల్ల దుప్పటి పరుచుకుని ఫ్యాన్ ఆపేసి కూర్చోండి.

ప్లేటు తీస్తే లీవర్‌కి సంబంధించిన పళ్ళ చక్రాలు, అద్దాన్ని ఛార్జ్ చేసే లీవర్లు, పరదాల రోలర్ల కింది కొనలు కనిపిస్తాయి. ఏమీ ముట్టుకోకుండా లీవర్ నెమ్మదిగా లాగుతూ, నొక్కుతూ ఓ పది సార్లు చూడండి, ఏది ఎక్కడ ఆగుతోందో కంటికే కనిపిస్తుంది, నాకు ఒకసారి అక్కడ కనిపించింది ఇసుక రేణువు, అంతే, బీచ్‌కి తీసుకెళ్ళిన కెమెరా కాబోలు, ఊదుడు బల్బుతో ఊదితే పోయింది.

మురికి గ్రీజు ఉంటే లైటర్ ఫ్లూయిడ్, అంటే సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తా. చిన్న బ్రష్ కొనకి తడి అయ్యేంత తీసుకుని రోలర్ కొనలకీ చక్రాల ఇరుసులకీ తగిలించి, ఓ పాతిక సార్లు నొక్కి, ఆరనిచ్చి, మళ్ళీ అంతే. పొయ్యి దగ్గరా అగరొత్తి దగ్గరా కూర్చోకండి, భగ్గుమంటుంది. గుడ్డ పరదాల మీదకి కారనివ్వకండి, వాటి రబ్బరూ అతికించిన జిగురూ వదిలేస్తాయి. బండిలోంచి తీసిన పెట్రోలు దీనికి బదులు పనికిరాదు, అది ఆరాక కూడా ఏదో ఒకటి మిగిల్చి పోతుంది.

నూనె గురించి ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడాలి. మనవాళ్ళకి ఏది కిర్రుమన్నా నూనె వెయ్యడం అలవాటు, తలుపు బందుకీ సైకిల్ చైనుకీ వేసినట్టే కెమెరాకీ వేసేస్తారు. కుట్టు మిషను నూనె వేసిన కెమెరాలు చూశాను, కొబ్బరి నూనె వేసింది ఒకటి చూశాను, వాసన కూడా వచ్చింది, చలికాలంలో అది గడ్డకట్టి షట్టర్ సంక్రాంతి దాకా కదల్లేదు. డబ్ల్యూడీ-40 కొట్టినవాటికి లెక్కే లేదు. వేసిన రోజు అద్భుతంగా పనిచేస్తుంది, అదే మోసం, వారం తిరిగేసరికి ఆ నూనె పాకుతూ పరదాల మీదకీ లెన్స్ లోపలికీ వెళ్ళి దుమ్మంతా పట్టుకుని ముందుకన్నా జిగురుగా తయారవుతుంది. నిజంగా నూనె కావాల్సిన చోట్లు లోపల నాలుగైదే ఉంటాయి, అక్కడ కూడా గడియారం నూనె సూది మొన మీద నిలిచేంత. శుభ్రం చేశాక బాగానే నడుస్తుంటే అది కూడా వద్దు.

ఇంక ఫాస్ట్ స్పీడులో పక్క నల్లబడే జబ్బు. శుభ్రం చేసినా పోకపోతే మిగిలింది పరదాల స్ప్రింగ్ టెన్షన్, కింద వాటిని సర్దే స్క్రూలు రెండు ఉంటాయి, ఒక్కో పరదాకి ఒకటి. తిప్పితే ఏం అవుతుందో చెప్తా, ఎందుకంటే నేను తిప్పాను. స్క్రూ వెనక్కి జారకుండా పట్టి ఉంచే చిన్న కొక్కెం ఉంటుంది, దాన్ని పక్కకి జరపగానే సర్‌ర్‌ర్ అని లోపల స్ప్రింగ్ మొత్తం విప్పుకుపోయింది, పరదా ఆరేసిన చీరలా వేలాడింది. ఎన్ని చుట్లు ఉండేదో నాకు తెలీదు. ఓ రిపేరు షాపులో ఇస్తే ఎనిమిది నెలలు పెట్టుకుని అలాగే తిరిగిచ్చారు, చివరికి దాన్ని విడిభాగాల కోసం దాచుకున్నా. కాబట్టి స్పీడు కొలిచే యంత్రం దగ్గర లేకుండా ఆ స్క్రూల జోలికి వెళ్ళకండి. ఉన్నా సరే, ముందు స్క్రూ తల మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, మొదటి పరదాని పావు చుట్టు బిగించి కొలిచి చూడాలి, రెండింటినీ ఒకేసారి ముట్టుకోకూడదు, టెన్షన్ పెంచుతూ పోతే పాత గుడ్డ, పట్టీలు తెగుతాయి. నేనైతే 1/1000 ని మర్చిపోయి 1/500 దాకా వాడుకుంటాను. తక్కువ ఐఎస్ఓ రీలు వేస్తే 1/1000 అవసరం ఎన్నిసార్లు వస్తుంది చెప్పండి.

ఫోటోల మీద తెల్ల చుక్కలు, ఎప్పుడూ అదే చోట వస్తుంటే పరదాకి చిల్లులు. చీకటి గదిలో లెన్స్ వైపు నుంచి అద్దాన్ని మెల్లగా పైకి ఎత్తిపట్టి టార్చ్ వేసి వెనక నుంచి చూస్తే నక్షత్రాల్లా మెరుస్తాయి. అద్దం లేని పాత రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో ఇది మరీ ఎక్కువ, మూత పెట్టకుండా ఎండలో వదిలేస్తే లెన్సే భూతద్దంలా పరదాని కాల్చేస్తుంది. ఒకటీ అరా అయితే సాగే గుణమున్న నల్ల ఫాబ్రిక్ పెయింట్ పల్చగా చేసి సూది మొనతో చుక్క పెట్టి ఒక రాత్రంతా ఆరబెట్టాలి. మందంగా పూస్తే పరదా రోలర్ మీద చుట్టుకోదు. జల్లెడలా ఉంటే పరదాలు మార్చాల్సిందే, అది ఇంట్లో చేసే పని కాదు.

స్టూడియో కెమెరాల దగ్గరకొద్దాం. 1970లో వచ్చిన యాషికా మ్యాట్ 124జి, దాని ముందు తరం మోడళ్ళు, పాస్‌పోర్ట్ ఫోటోలకీ పెళ్ళిళ్ళకీ పన్నెండు ఫోటోల 120 రీలు వేసి తెగ వాడారు. వీటిలో పరదాలుండవు, లెన్స్ మధ్యలో పల్చటి స్టీలు రేకులు పువ్వులా విచ్చుకుని మూసుకుంటాయి, దీన్నే లీఫ్ షట్టర్ అంటారు. ఇవి పాడయ్యేది దాదాపు ఒకే రకంగా, రేకుల మీదకి నూనె పాకి ఒకదానికొకటి అతుక్కుంటాయి. నొక్కితే చప్పుడు వస్తుంది, రేకులు మాత్రం కదలవు, లేదా సోమరిగా సగం తెరుచుకుంటాయి. టార్చ్ వేసి చూస్తే రేకుల మీద సబ్బు నురగలో కనిపించే రంగుల్లాంటి మెరుపు ఉంటుంది, అదే నూనె. వాటికి అస్సలు నూనె ఉండకూడదు, పొడిగా ఉండాలి.

124జి అయితే మొదట బటన్ చుట్టూ ఉండే లాక్ చూడండి, అది వేసుండగా జామ్ అయిందని వచ్చేవాళ్ళున్నారు. సెల్ఫ్ టైమర్ ముట్టుకోకండి, పాత లీఫ్ షట్టర్లలో అన్నిటికన్నా ముందు ఇరుక్కునేది అదే, ఇరుక్కుంటే షట్టర్ మొత్తాన్ని పట్టుకుని కూర్చుంటుంది. కొన్నిటి మీద ఎం, ఎక్స్ అని ఫ్లాష్ మీట ఉంటుంది, ఇప్పటి ఫ్లాష్‌కి ఎక్స్ లోనే ఉండాలి, ఎం అనేది పాతకాలం బల్బులకి, దాన్లో ఉంటే ఫ్లాష్ ముందే వెలిగి ఆరిపోయి ఫోటో చీకటిగా వస్తుంది. కాంపూర్ అనే జర్మన్ లీఫ్ షట్టర్ ఉన్నవాటిలో 1/500 కి మార్చాలంటే ఛార్జ్ చెయ్యకముందే మార్చాలి, తర్వాత బలవంతంగా తిప్పకూడదు.

రేకులు శుభ్రం చెయ్యడానికి ముందున్న గ్లాసుల గుంపు విప్పాలి, చాలావాటిలో రబ్బరు మూత లాంటిది అదిమిపట్టి తిప్పితే వచ్చేస్తుంది. కానీ ముందు గ్లాసు తిప్పి ఫోకస్ చేసే మడత కెమెరాలు ఉంటాయి చూడండి, ఆగ్ఫా ఐసొలెట్ లాంటివి, వాటిని విప్పే ముందు ఎక్కడ ఉందో గీత గీసి గుర్తు పెట్టుకోకపోతే ఫోకస్ మొత్తం పోతుంది, తిరిగి తెచ్చుకోవడం పెద్ద తద్దినం. విప్పాక ఇయర్ బడ్‌కి లైటర్ ఫ్లూయిడ్ తడి చేసి రేకుల మీద నొక్కకుండా రాసి, వెంటనే షట్టర్ పదిసార్లు నొక్కి, పొడి బడ్‌తో తుడవాలి. ఒక్కసారితో సంతోషపడకండి, ఆ రోజుకి బాగా కొట్టి తెల్లారేసరికి మళ్ళీ అతుక్కుంటుంది, ఎందుకంటే లోపల అంచుల్లో ఉన్న నూనె కరిగి మళ్ళీ రేకుల మీదకి వస్తుంది. మూడు నాలుగు సార్లు, రోజు విడిచి రోజు.

అంతా అయ్యాక ఒక చవక బ్లాక్ అండ్ వైట్ రీలు వేసి పరీక్ష చెయ్యండి. ఎండ బాగా కాసే పూట, నీడ పడని సున్నం గోడ ఒకటి చూసుకుని, కెమెరా కదలకుండా, లెన్స్ అపర్చర్ (వెలుతురు వచ్చే కన్నం) మార్చుకుంటూ 1/1000 కి ఎఫ్ 5.6, 1/500 కి ఎఫ్ 8, 1/250 కి ఎఫ్ 11, 1/125 కి ఎఫ్ 16, 1/60 కి ఎఫ్ 22, ఇలా వరసగా తియ్యండి. ఐఎస్ఓ 100 రీలుకి ఇవన్నీ ఒకే వెలుతురు కాబట్టి నెగెటివ్‌లన్నీ ఒకే నలుపులో రావాలి. ప్రతి స్పీడుకీ రెండేసి తియ్యండి, ఏది ఏ స్పీడో కాగితం మీద రాసి గోడకి అంటించి దాంతో సహా తీస్తే తర్వాత గుర్తుపెట్టుకునే బాధ ఉండదు. రీలు కడగడానికి ఇచ్చేటప్పుడు ప్రింట్లు వద్దు, కత్తిరించకుండా నెగెటివ్ మాత్రం ఇవ్వమనండి, ప్రింటు వేసే యంత్రం తేడాలన్నీ తనంతట తనే సర్దేసి మీకు ఏమీ తెలియనివ్వదు. కడిగొచ్చిన నెగెటివ్‌ని కిటికీకి అడ్డం పట్టుకుని చూడండి, మిగతావాటికన్నా పల్చగా ఉన్న ఫ్రేము దగ్గర స్పీడు ఎక్కువ, నల్లగా ఉన్నచోట నెమ్మది, ఒక పక్క మాత్రమే పల్చబడి ఉంటే టీవీ ముందుకి మళ్ళీ వెళ్ళాలి.